తలాంతు అనే మాట



ఈ సాయంత్రము ఒకే ఒక్క మాటను గూర్చి మాట్లాడదలచాను. ఇంగ్లీషులో అది ‘టాలెంట్’. మన బైబిలులో ‘తలాంతు’. పుట్టుకలో రెండును ఒక్క మాటే. ఒకటి బడి ద్వారా, ఇంకొకటి గుడి ద్వారా మనకు వచ్చి చేరినవి.

గ్రీకు భాషలో ‘తలాంతొన్’ అంటే త్రాసు. మోయుట, భరించుట అనే అర్థముగల ధాతువునుండి పుట్టినది. త్రాసులో తూచిన బరువుకును అదే పేరైనది. ఆ బరువుగల వెండికి, అనగా ధనమునకు, తరువాత అదే పేరు నిలిచినది. ఏథెన్సువారి తలాంతు సుమారు 26 కిలోలు. తలాంతుకు 60 మినాలు, మినాకు 100 ద్రక్మాలు, వెరసి 6000 ద్రక్మాలు. లూకా సువార్త 19వ అధ్యాయపు ఉపమానములో ఉన్నవి ఈ మినాలే. పాత నిబంధనలో హెబ్రీయులు ఇటువంటి బరువును ‘కిక్కార్’ అన్నారు. గుండ్రనిది అని భావము. గుండ్రని రొట్టెకు కూడ అదే మాట!

ఇప్పుడు కొంచెము లెక్క వేద్దాము. మత్తయి 20వ అధ్యాయములో ద్రాక్షతోట కూలివానికి రోజుకు ఒక దేనారము. దేనారము, ద్రక్మా దాదాపు సమానముగా చెల్లేవి. అందుచేత ఒక తలాంతు అంటే 6000 రోజుల కూలి. విశ్రాంతిదినములు, పండుగలు తీసివేసి ఏడాదికి 300 పనిదినములు అనుకొన్నా, 20 ఏండ్ల కష్టార్జితము. ఒక్క తలాంతు పుచ్చుకొన్న మూడవ దాసుని మనము ఏమీ దక్కనివానిగా చూస్తాము. సండేస్కూలు నాటికలో వాని చేతికి చిన్న మూట ఇస్తాము. 26 కిలోల వెండి, అయ్యా! దానిని పాతిపెట్టుటకు వాడు పడిన శ్రమ తక్కువేమీ కాదు.

మరి ఈ బరువు ప్రతిభగా ఎట్లు మారినది? మధ్యయుగములో ఫ్రెంచివారి నోట ఈ మాటకు కోరిక, మనసు మొగ్గు అనే అర్థము ఉండేది. ఇంగ్లీషులో మాత్రము, మత్తయి 25వ అధ్యాయపు ఉపమానమును ప్రసంగించగా ప్రసంగించగా, 15వ శతాబ్దము నాటికి దేవుడిచ్చిన సహజశక్తి అనే అర్థము వచ్చినది. ఫలానా క్రికెట్ ఆటగానికి టాలెంటు ఉన్నదనేవారు తెలియకయే ఆ ఉపమానమును తలచుచున్నారు. ‘టాలెంటెడ్’ అనే రూపము కోల్రిడ్జ్ అనే ఆంగ్ల కవికి గిట్టలేదు. షిల్లింగునుండి కూడ అట్లే ఒక మాట చేయవచ్చును గదా అని 1832లో ఎగతాళి చేశాడు.

ఆ ఇంగ్లీషు అర్థము మన తలాంతులోనికి కూడ దూరినది. ‘ఆ అమ్మాయికి పాడే తలాంతు ఉన్నది’ అంటాము. తలాంతుల పోటీలు పెడతాము: పాట, కంఠత వాక్యము, నాటిక. మంచివే. అయితే, ‘మాకేమి తలాంతులున్నాయండీ, చదువు రానివాళ్లము’ అని వెనుక చాపమీదనే ఉండిపోయే తల్లులు ఏ సంఘములో లేరు? వారిని అక్కడ కూర్చోబెట్టినది ఈ కొత్త అర్థమే అని నా అభిప్రాయము. ఉపమానములో 15వ వచనము చూడండి. ఎవరి సామర్థ్యమును బట్టి వారికి తలాంతులు పంచబడినవి. అంటే సామర్థ్యము వేరు, తలాంతు వేరు. తలాంతు యజమానుని ఆస్తి, నమ్మి అప్పగించినది. పాడగలుగుట సామర్థ్యము క్రిందికి వస్తుంది. అప్పగింత సంగతి వచ్చినప్పుడు పాట రానివారు తప్పించుకొనుటకు లేదు, వారిని తప్పించుటకు మనకు హక్కు లేదు.

పిడికెడు బియ్యము సంగతి మీకు తెలుసు. ఎసటిలో పోసే బియ్యములోనుండి పూటకొక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, గుడికి తెచ్చే ఆచారము మన తెలుగు సంఘములలో ఉన్నది. ఇంట్లో నిండుగా ఉన్ననాడును తీశారు, చాలనినాడును తీశారు. ఆ చేతులకు ఏ పోటీలోను బహుమతి లేదు. ఇటువంటి సంచికలలో ఫోటోలు పడినవారిలోను వారు బహు కొద్దిమంది.

మీ ఇండ్లలో, మందిరపు బీరువాలలో పాత లెక్కల పుస్తకములు ఉంటే తీసి చూడండి. చందాల పద్దు ప్రక్కన బియ్యపు పద్దు కనబడితే, అందులోని పేర్లు వ్రాసి, మన నూరేండ్ల చరిత్ర కూర్చుచున్నవారికి అందజేయవలెనని నా మనవి.