చెక్కు కానుక కాదు, హక్కు



మేడ్చల్, శామీర్‌పేట మండలాలలో శాసనసభ్యులు షాదీ ముబారక్ చెక్కులు పంచే సభలు మనకు పరిచితమే. 2014 అక్టోబరు 2న 51,000 రూపాయలతో ఆరంభమైన ఈ సాయం 2018లో 1,00,116 రూపాయలకు పెరిగింది. అది ప్రజాధనం, ఏ నాయకుని సొంత కానుకా కాదు. చెక్కు అందించినవారికి కృతజ్ఞతలు చెప్పండి, కాని చేతులు కట్టుకొని నిలబడనక్కరలేదు.

చెక్కు ఆలస్యమైన ప్రతి నెలా పెళ్లి అప్పుపై వడ్డీ పెరుగుతుంది. ఆ భారం మోసేది తల్లే. నా ఉద్యోగమంతా దస్త్రాల మధ్యనే గడిచింది. నోటిమాట దస్త్రంలోకి ఎక్కదని నాకు తెలుసు. అందుచేత శాసనసభ్యులు వచ్చిన రోజున ఆగిపోయిన దరఖాస్తుల గురించి, ఖబరస్తాన్ ప్రహరీ గురించి, ఉర్దూ ఉపాధ్యాయుల ఖాళీల గురించి వేర్వేరు వినతిపత్రాలు సమర్పించండి. నకలుపై తేదీతో సంతకం తీసుకోండి. కదలిక లేకుంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద కార్యాలయాన్ని అడగండి. సాధారణంగా 30 రోజులలో జవాబు ఇవ్వవలసి ఉంటుంది.

చదువురాని తల్లికి ఆ కాగితం వ్రాసిపెట్టడం మన మస్జిదు కమిటీల యువకులు చేయగల ఖిద్మత్. ఈ జుమానుండే మొదలుపెడదాం, ఇన్షా అల్లాహ్.