డబ్బాలో మిగిలిన మాత్రలు

ఇవాళ మన వంటింటి అలమారలో ఉండే బిస్కట్ల డబ్బా గురించి చెప్పుకుందాం. అందులో బిస్కట్లుండవు లెండి. పోయినసారి జ్వరాలకు వాడగా మిగిలిన మాత్రలుంటాయి. పారేయడానికి మనకు చేతులు రావు కదా!

ఉప్పల్‌లో మా పక్కింటావిడ అత్తగారు తుంటి ఎముక విరిగి, ఆపరేషను చేయించుకొని ఇంటికొచ్చారు. వారం తిరక్కుండానే వణుకుతో జ్వరం. కోడలు కంగారుపడి, డబ్బాలోని సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలు రెండు రోజులు వేసింది. మూడోనాటికి పెద్దావిడ మనుషుల్ని పోల్చుకోలేకపోయారు. ఆటోలో నాచారంలో ఒక ఆసుపత్రికి పరుగెత్తాం. రక్తంలోకి క్రిములు చేరాయన్నారు. అవేమిటో తేల్చే కల్చర్ పరీక్షకు రక్తం తీశారు గాని, ఐదు రోజులు చూసినా సీసాలో ఏమీ పెరగలేదు.

ఎందుకంటారా? పాలలో తోడు వేసినట్టు, క్రిములకు ఆహారముండే సీసాలో రక్తం కలిపి వెచ్చగా ఉంచుతారు. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో పెరుగుతాయి. అప్పుడు ఏ మందుకు చస్తాయో చూస్తారు. మరిగే పాలలో వేసిన తోడు తోడుకుంటుందా? ముందే మందు పడిన రక్తమూ అంతే. సీసాలో పెరగవు, ఒంట్లో మాత్రం మిగిలే ఉంటాయి. ఇక డాక్టర్లు అంచనామీదే పెద్ద పెద్ద ఇంజక్షన్లు ఇవ్వాల్సొచ్చింది. పద్దెనిమిది రోజులకు ఆవిడ గండం గడిచి ఇల్లు చేరారు.

"ఒంటికి మందు అలవాటైపోయింది" అంటుంటాం. అలవాటయ్యేది ఒంటికి కాదు, క్రిములకు. చావనివి మిగిలి సంతానాన్ని పెంచుకుంటాయి. ఆ విద్యను పక్క క్రిములకూ అందిస్తాయి. ఆసుపత్రిలో చేతికి పెట్టిన సూదిగొట్టం, మూత్రపు గొట్టం వాటికి రాచబాటలు. చూడబోయిన మనం చేతులు కడుక్కోకుండా ఆ గొట్టాలు సర్దడమూ ఉందిగా!

మన నగరానికి ఇంకో చిక్కుంది. పడమటి దిక్కున పటాన్‌చెరు దగ్గర, మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధిచేసి వదిలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఇదే సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. దాన్ని ప్రభుత్వం చూడాలి. డబ్బా మన చేతిలోది.

స్ట్రిప్పు మీద నిలువు ఎర్రగీత ఉంటే, డాక్టరు చీటీ లేకుండా వాడవద్దని అర్థం. ఆపరేషనయిన మనిషికి వణుకుతో జ్వరమొచ్చినా, మాట తడబడినా, ఆయాసమొచ్చినా తెల్లారనిద్దాం అనుకోకండి, వెంటనే బయల్దేరండి. మాత్ర వేసేసి ఉంటే మొహమాటపడక ఆ ఖాళీ స్ట్రిప్పు సంచిలో వేసుకెళ్ళి చూపించండి. మా పక్కింటావిడ, ఏమంటారోనని భయపడి, మొదటిరోజు చెప్పనే లేదు.