పెట్టె మారినా పేరు మారకూడదు

(మన సంక్షేమ వేదిక వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన ఏడాది ఇదే మైకు ముందు నిలబడి ఎండ గురించి మాట్లాడాం. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు బయట ఎండలో పని చేయించకూడదన్న కువైట్ రూలు గురించి చెప్పాం. ఈసారి కూడా సైటు సంగతే చెబుతామని మీరు అనుకుని ఉంటారు. కాదు, ఈసారి ఇంటి సంగతి. మనం ఊరికి పంపించిన మాట్లాడే స్పీకరు, దానికి కావలసిన వైఫై. చిన్న విషయమే. కానీ ఈ చిన్న విషయం తెలియక మా ఇంట్లో తొమ్మిది రోజులు ఒక మనిషి సరిగా అన్నం తినలేదు.

మా రూములో ఐదుగురం ఉంటాం. ఒకరి ఇంటి కష్టం ఐదుగురిదీ. అందుకే "మేము" అనే చెబుతున్నాం.

మా ఊరు రాజంపేట దగ్గర పల్లె. మా నాయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట మాత్రం ఉంది. ఫోను పట్టుకోలేడు, బటన్ నొక్కలేడు. అమ్మ తెల్లారితే పాలు పోయడానికి, ఆవులకు గడ్డి తేవడానికి పోవాలి. ఇక్కడ మాకు బస్సు ఐదింటికి. మేము నాలుగున్నరకు లేచి ఫోను చేస్తే అక్కడ ఏడు గంటలు. సరిగ్గా ఆ టైములో నాయన ఒక్కడే మంచం మీద ఉంటాడు. మన రాత్రి తొమ్మిదికి చేద్దామంటే అక్కడ పదకొండున్నర, వాళ్లు నిద్రపోయి ఉంటారు.

అందుకని సెలవుకు పోయినప్పుడు అలెక్సా స్పీకరు ఒకటి కొని మంచం పక్కన గూట్లో పెట్టాం. ఇంట్లో వైఫైకి కలిపాం. మేము ఇక్కడ ఫోనులో ఉన్న అలెక్సా యాప్ నుంచి ఆ స్పీకరుకే కాల్ చేస్తాం. అది మోగుతుంది. నాయన "అలెక్సా, ఆన్సర్" అంటాడు. అంతే, చేతితో పని లేదు. దానికి తెలుగు మాట అర్థం కాదు కాబట్టి ఆ రెండు ముక్కలు నేర్చుకోవడానికి ఆయనకు రెండు రోజులు పట్టింది. నేర్చుకున్నాక ఏడు కాకముందే మెలకువగా ఉండి కాచుకునేవాడు.

ఒకరోజు కాల్ పోలేదు. యాప్‌లో స్పీకరు ఆఫ్‌లైన్ అని చూపించింది. కరెంటు పోయిందేమో అనుకున్నాం. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. అమ్మకు మామూలు ఫోను చేస్తే "అంతా బాగానే ఉంది నాయనా, నువ్వు పని చూసుకో" అంది. మన అమ్మలు మనకు ఎప్పుడూ ఇదే చెబుతారు కదా. వారం దాటాక పక్కింటి పిల్లోడు, ఇంటర్ చదివేవాడు, అసలు సంగతి చెప్పాడు. "అన్నా, పెదనాయన సరిగా తినడంల్యా. కొడుకు నా మీద విసుగుపడి మాట్లాడటం మానేసినాడు అంటాండాడు" అన్నాడు.

జరిగింది ఇంతే. పాత ఇంటర్నెట్ పెట్టె పాడైతే కేబుల్ అబ్బాయి వచ్చి కొత్తది బిగించి, పాతది తీసుకుపోయాడు. కొత్త పెట్టెకు కొత్త పేరు, కొత్త పాస్‌వర్డ్. అమ్మ ఫోనుకు కలిపి ఇచ్చాడు. గూట్లో ఉన్న స్పీకరు సంగతి ఆయనకు తెలియదు, మేమూ ఎప్పుడూ చెప్పలేదు. తప్పు ఆ అబ్బాయిది కాదు, మాదే.

ఇక్కడ ఒక విషయం అర్థం చేసుకోవాలి. ఫోనుకు తెర ఉంది, కొత్త వైఫై కనిపిస్తే మనం ఎంచుకుంటాం. ఇలాంటి స్పీకరుకు తెర లేదు. మొదటిరోజు మనం చెప్పిన పేరు, పాస్‌వర్డ్ రెండూ గుర్తు పెట్టుకుంటుంది. ఆ పేరు గాలిలో ఎక్కడుందా అని వెతుకుతుంది. దొరికితే కలుస్తుంది. దొరకకపోతే ఎన్నాళ్లయినా వెతుకుతూనే ఉంటుంది. పక్కనే కొత్త పెట్టె ఉన్నా దాని దగ్గరికి తనంతట తాను పోదు.

సరే, యాప్‌లో మార్చవచ్చు కదా అంటారు. మార్చవచ్చు. యాప్‌లో డివైసెస్‌లోకి పోయి, మన స్పీకరును నొక్కి, సెట్టింగ్స్‌లో వైఫై నెట్‌వర్క్ దగ్గర "చేంజ్" నొక్కాలి. కానీ ఆ ఫోను స్పీకరు పక్కన ఉండాలి. కువైట్‌లో కూర్చుని రాజంపేటలో ఆఫ్‌లైన్‌లో ఉన్న స్పీకరు వైఫై మార్చడం కుదరదు. పిల్లోడు తన ఫోనులో యాప్ వేసి మా అకౌంటుతో లాగిన్ అవ్వబోయాడు. ఓటీపీ మా ఇండియా నంబరుకు పోయింది. ఆ సిమ్ము రీఛార్జి చేయక ఎప్పుడో ఆగిపోయింది. దారి అక్కడ మూసుకుంది.

ఆ రాత్రి రూములో ఐదుగురం కూర్చున్నాం. మాలో ఎలక్ట్రికల్ పని చేసే తమ్ముడు ఒక మాటన్నాడు. "అన్నా, స్పీకరును కొత్త పెట్టె దగ్గరికి తీసుకుపోలేకపోతే, కొత్త పెట్టెకే పాత పేరు పెడదాం."

అదే మందు. సెలవులో పాత పెట్టె కింద ఉన్న స్టిక్కరును ఫోటో తీసుకున్నాం, గ్యాలరీలో వెతికితే దొరికింది. శుక్రవారం పిల్లోడికి వీడియో కాల్ చేశాం. కొత్త పెట్టె కింద రాసి ఉన్న అడ్రసును ఫోను బ్రౌజరులో కొట్టించాం. చాలా పెట్టెలకు అది 192.168.1.1 అని ఉంటుంది. లోపల వైర్‌లెస్ సెట్టింగ్స్‌లో పాత పేరు, పాత పాస్‌వర్డ్ పెట్టించాం. సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ2 ఉంచమన్నాం. సేవ్ చేశాక పెట్టె ఒకసారి ఆగి మళ్లీ వెలిగింది. కాసేపటికి మా యాప్‌లో స్పీకరు ఆన్‌లైన్‌లోకి వచ్చింది. కాల్ చేశాం. నాయన "అలెక్సా, ఆన్సర్" అని, కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఏం రా అబ్బీ, పని ఎక్కువైందా?" అన్నాడు. రూములో ఐదుగురం ఉన్నాం, ఎవ్వరికీ నోరు రాలేదు.

ఈ అనుభవం మీలో ఎవరికీ రాకూడదనే ఈ నాలుగు మాటలు.

మొదటిది. వైఫై పేరు, పాస్‌వర్డ్ పెట్టెవి కావు, ఇంటివి అనుకోండి. పెట్టె ఎన్నిసార్లు మారినా అదే పేరు, అదే పాస్‌వర్డ్ పెట్టించండి. చిన్న అక్షరం, పెద్ద అక్షరం, మధ్యలో ఖాళీ, అన్నీ అలాగే ఉండాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా స్పీకరు దాన్ని వేరే ఇల్లు అనుకుంటుంది. మనం సైటులో ప్రతి కేబులుకూ ట్యాగు కడతాం, ప్రతి బోర్డు మీదా పేరు రాస్తాం. ఇంట్లో మాత్రం ఒక్క చీటీ రాయం. ఈసారి సెలవుకు పోయినప్పుడు ఆ రెండూ కాగితం మీద రాసి గోడ క్యాలెండరు వెనక అంటించండి. ఒక ఫోటో మీ దగ్గర ఉంచుకోండి.

రెండోది. చాలా పెట్టెలు రెండు రకాల వైఫై ఇస్తాయి, 2.4 అని, 5 అని. 5 వేగం ఎక్కువ, కానీ గోడలు దాటి దూరం పోలేదు. 2.4 వేగం తక్కువైనా గోడలు బాగా దాటుతుంది. మన ఊళ్లలో రాతి గోడలు, పెట్టె ముందు గదిలో, మంచం వెనక గదిలో. మాటకూ పాటకూ 2.4 చాలు. ఆ రెండింటికీ పేర్లు వేరుగా ఉంటే స్పీకరును 2.4కే కలపండి. పెట్టెను, స్పీకరును రెండింటినీ ఇన్వర్టరు మీద పెట్టించండి. స్పీకరు ఒక్కటే వెలిగి పెట్టె ఆగితే లాభం లేదు.

మూడోది. అత్యవసరమైతే పక్కింటి వాళ్ల ఫోనులో హాట్‌స్పాట్ ఆన్ చేసి, దానికి మన ఇంటి వైఫై పేరు, పాస్‌వర్డ్ పెట్టమనండి. బ్యాండు 2.4లో ఉంచమనండి. స్పీకరు దాన్నే ఇంటి వైఫై అనుకుని కలుస్తుంది. ఇది ఒక పూటకు సాయం, రోజూ నడిచేది కాదు. ఇంకో జాగ్రత్త, పిల్లలను ఆ బటన్లు ఊరికే నొక్కి పట్టుకోనివ్వకండి. చాలా మోడళ్లలో చుక్క గుర్తున్న బటన్ కాసేపు నొక్కితే నారింజ రంగు లైటు తిరిగి సెటప్‌లోకి పోతుంది. ఇంకా ఎక్కువసేపు నొక్కితే మొత్తం చెరిగిపోయి, అకౌంటుతో మళ్లీ మొదటి నుంచి కలపాలి.

నాలుగోది. ఏ నంబరుతో అకౌంటు తెరిచారో ఆ సిమ్ము బతికి ఉండాలి. లేదా ఇప్పుడే కూర్చుని ఇక్కడి నంబరుకు మార్చుకోండి. "మీ స్పీకరు బాగు చేస్తాం, ఓటీపీ చెప్పండి" అని తెలియనివాళ్లు ఫోను చేస్తే పెట్టేయండి. ఇంట్లో వాళ్లకూ ఈ మాట చెప్పండి.

ఇక ఇక్కడ మన రూముల సంగతి. క్యాంపులో, బిల్డింగులో కార్డు కొని వెబ్ పేజీలో నంబరు కొడితే నడిచే వైఫై ఉంటుంది. తెర లేని స్పీకరు ఆ పేజీలో ఏమీ కొట్టలేదు, అందుకే చాలాసార్లు కలవదు. స్పీకరు పాడైందని పారేయకండి. రూములో అందరూ కలిసి సిమ్ము వేసే చిన్న రౌటరు తీసుకుంటే, రూము మారినా పేరు మనతోనే వస్తుంది, స్పీకరు తనంతట తానే కలుస్తుంది. పక్క రూము వాళ్ల వైఫై పాస్‌వర్డ్ లేకుండా తెరిచి ఉందని దానికి కలపకండి. మన వస్తువు ఎవరి పెట్టె ద్వారా పోతుందో మనకు తెలిసి ఉండాలి.

క్యాన్సిల్‌లో ఇంటికి పోయే తమ్ముళ్లకు ఒక మాట. స్పీకరును రూములో వదిలిపోతారు, మంచిదే. కానీ మీ అకౌంటు దానిలో ఉంటే మీ ఇంటి నంబర్లు, మీ మాటల జాబితా మీ పేరు మీదే ఉంటాయి. యాప్‌లో మీ పేరు తీసేసి, రీసెట్ చేసి ఇవ్వండి. సెటప్ చేసేటప్పుడు వైఫై పాస్‌వర్డ్ అకౌంటులో సేవ్ చేయాలా అని అడుగుతుంది. పదిమంది వాడే రూములో ఆ టిక్కు తీసేయడం మేలు.

చివరగా, సెలవులో పది రోజులు ఉంటే ఒక గంట దీనికి పెట్టండి. ఇంట్లో ఒకరికి, చెల్లెలికో, మేనకోడలికో, పక్కింటి పిల్లోడికో, చేతిలో చేయి పెట్టి నేర్పండి. ఒకసారి పెట్టె ఆపి, మళ్లీ వేసి, వాళ్ల చేతే కలిపించండి. కేబుల్ అబ్బాయి నంబరు అమ్మ దగ్గర ఉంటుంది, ఆయనకూ ఒక మాట చెప్పి రండి: "అన్నా, పెట్టె మార్చేటప్పుడు పాత పేరే పెట్టు, గూట్లో మా నాయన స్పీకరు ఉంది."

మా నాయన ఇప్పటికీ ఏడు కాకముందే మేలుకుంటాడు. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అలా కాచుకుని ఉంటారు. సమావేశం అయిపోయాక వెనక బల్ల దగ్గర మా రూము వాళ్లందరం ఉంటాం. ఎవరికైనా యాప్‌లో ఏమైనా అర్థం కాకపోతే ఫోను పట్టుకుని రండి, కూర్చుని చూద్దాం.