మడత గంటము
(ఉగాది సభలో చదివిన ప్రసంగము)



మేము పండితులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి రైల్వేలో పార్సెల్ గుమాస్తాగా చేరినవారము. మూటలు తూచడం, రసీదులు వ్రాయడం, ఇదే మా విద్య. అటువంటి మమ్మల్ని కార్యదర్శిగారు నాలుగు మాటలు చెప్పమన్నారు. మాకు తెలియని పెద్ద సంగతుల జోలికి పోక, ఈమధ్య మా చేతికి వచ్చిన ఒక చిన్న వస్తువును గురించి మనవి చేస్తాము. అది ఒక మడత కత్తి.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. వారి పూర్వులు ఈ తంజావూరికి ఎప్పుడు వచ్చారో వారికే తెలియదు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గాని చదవడం రాదు. పొరుగూరిలో ఉన్న కుమారుని దగ్గరకు మకాం మారుస్తూ, సామాను రైలులో పంపే సంగతి అడగడానికి మమ్మల్ని పిలిచారు. వసారాలో ఒక గోనెసంచి నిండా పాత ఇత్తడి ఉన్నది. తూకానికి అమ్మివేయడానికి పెట్టారు. దాని మీద ఈ కత్తి కనిపించింది.

మూసి ఉన్నప్పుడు అది జానెడుకు తక్కువే. పిడి ఇత్తడి. ఒక కొస విప్పితే చిన్న ఇనుప కత్తి, రెండవ కొస విప్పితే సూదిమొన వంటి ఇనుప గంటము. రెండూ మళ్ళీ ఆ పిడిలోకే మడుచుకుంటాయి. తమిళులు దీనిని మడక్కెళుత్తాణి అంటారు. మనం మడత గంటమందాము. కాగితం వాడుకలోకి రాకముందు తాటాకుల మీద వ్రాసేవారు దీనిని వెంట ఉంచుకొనేవారు. కత్తితో ఆకు అంచులు కోసి సరిచేసుకోవడం, గంటముతో వ్రాసుకోవడం, పని ముగిశాక మడిచి పెట్టుకోవడం.

చింతపండుతో తోమి చూస్తే పిడి మీద పనితనం బయటపడింది. అడుగున ఒక తామర మొగ్గ. అందులో నుండి తీగ బయలుదేరి, మెలికలు తిరుగుతూ, ఆకులు వేస్తూ పై కొస దాకా పాకింది. తీగ చుట్టూ ఉన్న ఖాళీలో ఆవగింజలో పదోవంతు కూడ లేని చుక్కలు దగ్గర దగ్గరగా పొడిచారు. అందువల్ల తీగ పైకి లేచినట్లు కనిపిస్తుంది. కత్తిని పిడికి బిగించిన మేకు తలను కూడ ఆ శిల్పి వదలలేదు. దాని చుట్టూ రేకులు చెక్కి దానినే పువ్వు నడిమి బొడిపెగా చేశాడు. ఇనుము తిరగడానికి అవసరమైన మేకు కంటికి పువ్వయింది. ఇత్తడి మీద చీరణంతో ఒకసారి గీత పడితే మళ్ళీ చెరపడానికి వీలులేదు. ఇంత తీగలో ఒక్క గీత కూడ తడబడలేదు.

మేము పిడి చూచి మురిసిపోయామే గాని ఆ గంటము చేసే పని ఎటువంటిదో అప్పుడు తోచలేదు. ఇంటికి వచ్చి ఆలోచిస్తే తోచింది. గంటముతో వ్రాయడం కూడ చెక్కడమే గదా! ఆకును ఉడికించి, ఆరబెట్టి, నునుపు చేసి, ఎడమచేత పట్టుకొని, ఆ చేతి బొటనవ్రేలి ఆసరాతో గంటము నడిపేవారు. అక్షరం మొదట కంటికి సరిగా కనిపించదు. వ్రాయడం అయ్యాక నూనెలో కలిపిన మసి పూసి తుడిస్తే గీతలలో నిలిచిన నలుపుతో అక్షరాలు తేలుతాయి. అడ్డగీత గట్టిగా గీస్తే ఆకు ఈనె వెంబడి చీలుతుందనీ, మన అక్షరాలు గుండ్రంగా ఉండడానికి అదొక కారణమనీ పెద్దలు చెబుతారు. మేమూ ఒక తాటాకు మీద 'అ' వ్రాయబోయాము. ఆకు చీలింది, మా వ్రేలు తెగింది.

ఇటువంటి గంటాలు నడిచిన ఊరు మన తంజావూరు. రఘునాథ నాయకుడు ఇక్కడ రాజ్యం చేస్తూ తెలుగు కావ్యాలు వ్రాశాడు. ఆయన కుమారుడు విజయరాఘవుని కొలువులో రంగాజమ్మ తెలుగులో కవిత్వం చెప్పింది. 1673లో నాయకుల ఏలుబడి ముగిసింది గాని తెలుగు ముగియలేదు. తరువాత వచ్చిన మహారాష్ట్ర ప్రభువుల కాలంలోనే పక్కనున్న తిరువయ్యారులో త్యాగరాజస్వామి తెలుగులో కీర్తనలు పాడారు. సరస్వతీ మహలులో తెలుగు తాటాకు గ్రంథాలు నేటికీ ఉన్నాయి.

మరునాడు ఆ పెద్దాయన నాలుగు తాటాకులు తెచ్చి, "నాయనా, ఇవి కూడ ఆ కత్తితో పాటే ఉండేవి. ఏమున్నదో చదువుతావా?" అన్నారు. మేము బడిలో చదివినది తమిళమే. తెలుగు అక్షరాలు మా అమ్మ నేర్పింది. ఆకు మీద మాటకూ మాటకూ ఎడం లేదు. కూడబలుక్కొని చదవడానికి ఒక పూట పట్టింది. రామకథ ముగిసేచోటు అది. చివర శుభకృతు సంవత్సరం, చైత్రమాసం అని వ్రాసి, తప్పులుంటే పెద్దలు మన్నించాలని వేడుకొని, వ్రాసినవాడు తన పేరు చెప్పుకొన్నాడు. మొన్న 2022 ఉగాదికి వచ్చినదీ ఆ శుభకృతే. అరవై ఏండ్లకొకసారి వచ్చే పేరు గనుక ఆ ఆకు 1902 నాటిది కావచ్చు, 1842 నాటిది కావచ్చు.

పేరు చదవగానే పెద్దాయన మా చేయి పట్టుకొన్నారు. "అది మా తాతగారి తాత పేరు. మా నాయన తద్దినాలలో చెప్పేవాడు. ఇన్నేండ్లు ఆయన చేతివ్రాత నా పెట్టెలోనే ఉన్నది. నాకే తెలియలేదు," అన్నారు. కొంతసేపటికి మెల్లగా, "నిన్న నీవు రాకపోతే కత్తి పావుకిలో ఇత్తడి కింద పోయేది. ఆకులు పొయ్యిలోకి పోయేవి," అన్నారు. గంటమును, ఆకులను ఒక పట్టుగుడ్డలో చుట్టి, పార్సెలులో వేయక తమ చేతిసంచిలోనే పెట్టుకొన్నారు. వెళ్ళేముందు ఒక మాట అడిగారు: "మా మనుమడికి ఎవరు చదివి చెబుతారు?"

ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. మా అమ్మాయికి కూడ తెలుగు మాటలే గాని అక్షరాలు రావు. ఆ తప్పు ముందు మాది.

అందుచేత ఈ సభలో ఒక మనవి. మన సంఘం గదిలో ఆదివారాలు పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించే ఏర్పాటు చేయాలి. మాకు డ్యూటీ లేని ఆదివారమెల్లా మేము వచ్చి దిద్దిస్తాము. మొదటి పలక మా అమ్మాయిదే. మీ ఇళ్ళలో అటకల మీద ఏ ఇత్తడి పిడి, ఏ ఆకుల కట్ట ఉన్నదో, తూకానికి వేసేముందు ఒక్కసారి విప్పి చూడండి.

 మా మాటలలో తప్పులుంటే, ఆ ఆకు వ్రాసిన పెద్దమనిషి అడిగినట్లే, మన్నించ ప్రార్థన.