గర్భిణి రక్తములోని చక్కెర – ప్రేగులలోని సూక్ష్మజీవులు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ప్రబంధ సాహిత్యమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. వారిని బతిమాలి నేనే విషయమును మార్చుకొంటిని. ఊరి లెక్కలు వ్రాసుకొను నాకు వైద్యముతో పని యేమని మీ రనవచ్చును. ఆ పని మా యింటిలోనే పడినది.

నిరుడు మా మేనకోడలు పురిటికి వచ్చినది. గర్భిణి కోరినది పెట్టకున్న కడుపులోని బిడ్డకు కీడని మన పెద్దలనుట కలదు. నాలుగవ నెల గర్భిణికి రెండు హృదయములని చెప్పి సుశ్రుతుడు ఆమెను దౌహృదిని యనెను. రఘువంశము మూడవ సర్గములో సుదక్షిణాదేవి మన్ను తినగోరినది. ఈ పాండిత్యమంతయు ఇంట ప్రదర్శించి, నేను వారము వారము బందరు లడ్డూలు తెప్పించితిని. ఆరవ నెలలో ఆశా కార్యకర్త వచ్చి, గ్లూకోజు నీళ్లు త్రాగించి రక్తపరీక్ష చేయుదురు, రమ్మని పిలిచినది. “చక్కెర యున్నదేమోయని అనుమానించుచు చక్కెరనే త్రాగించుట యేమి శాస్త్రమమ్మా?” అని నేను పరిహసించితిని. మామయ్య మాట గదా యని అమ్మాయి వెళ్లలేదు.

ఎనిమిదవ నెల దాటిన పిదప పరీక్ష చేయగా చక్కెర హద్దు మీరి యున్నది. ఇన్సులిన్ సూదులు వేయవలసి వచ్చెను. బిడ్డ అధికమైన బరువుతో పుట్టెను. కొన్ని గంటలకే వాని రక్తములో చక్కెర పడిపోగా, రెండు దినములు తల్లికి దూరముగా నుంచి కాపాడిరి. ఇప్పుడిరువురును కుశలము. పద్దులో రూపాయి తేడా వచ్చినచో తెల్లవారులు నిద్రపోని నేను, ఈ లెక్కను మాత్రము చూడనే వలదంటిని.

జరిగిన దేమనగా: బిడ్డ పెరుగుకొలది మాయ నుండి హార్మోనులు తల్లి రక్తములోనికి వచ్చి, ఇన్సులిన్ పనిని మందగింపజేయును. తల్లి రక్తములో చక్కెర కొంత నిలిచి బిడ్డకు అందుటకే ప్రకృతి చేసిన యేర్పాటిది. పెక్కుమంది తల్లులలో క్లోమగ్రంథి మరికొంత ఇన్సులిన్ తయారుచేసి సరిపుచ్చును. అది చాలనిచోట గర్భకాలపు మధుమేహము వచ్చును. తల్లి చక్కెర మాయను దాటి బిడ్డకు పోవును. తల్లి ఇన్సులిన్ దాటదు. అందుచేత బిడ్డ క్లోమమే అధికముగా పనిచేయును; బిడ్డ క్రొవ్వు పట్టును. బొడ్డు కోయగనే తల్లి చక్కెర ఆగును. బిడ్డ ఇన్సులిన్ మాత్రము కొంతసేపు అదే జోరున నుండును. మా యింటి బిడ్డకు వచ్చిన యాపద యిదియే.

సూదులు వేయుచున్న దినములలో అమ్మాయి అత్తవారు ‘మంచి సూక్ష్మజీవుల’ పొడి డబ్బా ఒకటి కొని తెచ్చిరి. ఇది వాడినచో సూదులతో పని లేదని అమ్మినవాడు చెప్పెనట. వెల చూచి గుండె గుభేలుమనెను. ఆ డబ్బా పుణ్యమున నేను ఈ సంగతి చదువ నారంభించితిని.

మన పెద్దప్రేగులో కోట్లానుకోట్లు సూక్ష్మజీవులు కాపురమున్నవి. మనకు జీర్ణము కాని పీచును అవి పులియబెట్టగా ఎసిటిక్, ప్రొపియానిక్, బ్యుటిరిక్ అను ఆమ్లములు పుట్టును. ఇవి ప్రేగు గోడకు ఆహారము. ఇన్సులిన్‌ను ప్రేరేపించు హార్మోనులు ప్రేగునుండి వెలువడుటకును తోడ్పడును. 2012లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు రూత్ లే అను శాస్త్రజ్ఞురాలును, ఆమె సహచరులును ఫిన్లాండు దేశపు 91 మంది గర్భిణులపై జరిపిన పరిశోధన ప్రకటించిరి. సభలో ఈ మాట యెత్తినందుకు క్షమింపుడు: గర్భము తొలి మూడు నెలల మలమును, తుది మూడు నెలల మలమును, ఏ సూక్ష్మజీవియు సోకకుండ పెంచిన చుంచెలుకలకు వేర్వేరుగా ఎక్కించిరి. తుది నెలలది పొందిన ఎలుకలు ఎక్కువ క్రొవ్వు పట్టినవి. వానిలో ఇన్సులిన్ పని మందగించెను. ఆ యెలుకలకు గర్భము లేదు, మాయ లేదు. మారినవి సూక్ష్మజీవులు మాత్రమే! ఇది చదివిన రాత్రి నాకు చాలసేపు నిద్ర పట్టలేదు.

మన వారు జఠరాగ్ని యన్నది ఇదియేనని ఒక మిత్రుడనెను. చరకుడు ప్రమేహములను ఇరువదిగా విభజించిన మాట నిజము. సూక్ష్మజీవులను చూచెననుట నేను ఒప్పను.

అయితే 2015లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 49 మంది గర్భిణులను వారము వారము పరీక్షింపగా, గర్భకాలమున ప్రేగులలోని జీవుల కూర్పు పెద్దగా మారలేదు. తగవింకను తెగలేదన్నమాట. డబ్బా సంగతి అంతకన్న స్పష్టము. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో అధిక బరువుగల 411 మంది గర్భిణులలో సగము మందికి ఇట్టి జీవులున్న గుళికలు, తక్కినవారికి ఉత్త గుళికలు ఇచ్చి, 2019లో ఫలితము ప్రకటించిరి. జీవులున్నవి తిన్నవారిలో నూటికి 18 మందికి, ఉత్తవి తిన్నవారిలో నూటికి 12 మందికి ఈ వ్యాధి వచ్చెను. ఈ తేడా కాకతాళీయమే కావచ్చును. గుళికలు వ్యాధిని ఆపలేదనుట మాత్రము తేలినది. డబ్బాను నమ్మి సూది మానియుండిన మా పిల్ల గతి యేమి?

పీచునకు డబ్బా యక్కరలేదు. తోటకూర, గోంగూర, చిక్కుడు, పెసలు, ముడిబియ్యము చాలును. మన డెల్టా కంచములో తెల్లని అన్నము కొండ, కూర నలుసు. ఆ కొలతలు మార్చుకొనవలెను. చేప మంచిదే, రేవు మన గుమ్మములోనే యున్నది. మజ్జిగ, తరవాణి త్రాగుడు. కాని అవి ఈ వ్యాధికి మందులని నేను చెప్పను. లడ్డూల సంగతి చెప్పుటకు నాకు ముఖము లేదు.

ఇక పరీక్ష. భారత ప్రభుత్వము 2018లో వెలువరించిన మార్గదర్శకముల ప్రకారము, గర్భిణి తిని వచ్చినను తినక వచ్చినను 75 గ్రాముల గ్లూకోజును నీట కలిపి త్రాగింతురు. రెండు గంటల పిదప రక్తములో చక్కెర 140 గాని, అంతకు మించి గాని యున్నచో వ్యాధి యున్నట్లు. చక్కెర బరువును శరీరము మోయగలదా యని చూచుటకే చక్కెర త్రాగించుట. నా పరిహాసమునకు సమాధానమిది. తొలిసారి చూపించుకొన్నప్పుడొకమారు, 24–28 వారముల మధ్య మరియొకమారు చేయవలెను. తేలినచో మొదట రెండు వారములు ఆహార నియమము, నడక; అప్పటికిని తగ్గకున్న మందు. కాన్పైన ఆరు వారములకు మరల పరీక్ష. చెన్నై వైద్యులు వి. శేషయ్యగారు ఈ తేలిక పద్ధతికై ఎంతయో పాటుపడిరి. వారి జన్మదినమగు మార్చి 10ని మన దేశమున గర్భకాల మధుమేహ అవగాహన దినముగా జరుపుచున్నారు.

గిలకలదిండి రేవులో చేపల పాటకు పోయి గంప నెత్తి కెత్తుకొను ఆడపడుచునకు రెండు గంటలనగా ఆనాటి బేరమంతయు. “కూర్చుంటే కుదరదు బాబయ్యా” అని నాతో ఇద్దరు ముగ్గురు అనిరి. అందుచేత కార్యదర్శిగారి నొకటి అడిగితిని. పరీక్షల దినమున గ్రంథాలయ వరండాలోని రెండు బల్లలును, పంకాయును గర్భిణులకు విడువవలెను. ఆ రెండు గంటలు వారి గంపలు అమ్మిపెట్టుటకు మన చందాదారుల ఇండ్ల నుండి ఇద్దరు రావలెను. బల్లల కాయన ఒప్పుకొనిరి. గంపలకు ఇంతవరకు నా భార్య పేరొక్కటే వ్రాసితిని. రెండవ పేరు కొరకు కాగితము ఈ బల్లమీదనే యున్నది.