టైరు మారితే స్టీరింగూ మారుతుంది



మా అబ్బాయి ఉద్యోగం మాదాపూర్‌లో, 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్ పక్కనే. ఆదివారాలు వాడి స్విఫ్టు నేను నడుపుతాను. దానికున్న 165/80 ఆర్14 టైర్లు తీయించి, 15 అంగుళాల చక్రాలమీద 185/65 వేయించాడు. మొత్తం ఎత్తు దాదాపు అంతే. వెడల్పు 20 మిల్లీమీటర్లు పెరిగింది. సైడ్‌వాల్ 132 నుంచి 120కి తగ్గింది. పొట్టి సైడ్‌వాల్ తక్కువ వంగుతుంది కనుక స్టీరింగు తిప్పీ తిప్పగానే బండి తిరుగుతోంది. వాడికదే ముచ్చట.

నాకు మాత్రం ప్రతి గతుకూ చేతికి తగులుతోంది. పార్కింగులో తిప్పాలంటే బరువు. నా భుజం సంగతి మీకు తెలిసిందే. గాలి తగ్గిందేమోనని చూపించాను, సరిగ్గానే ఉంది. (తేలికవుతుందని అదనంగా కొట్టించకండి, రోడ్డుమీద పట్టు తగ్గుతుంది.)

పాత చక్రాలు మెట్లకిందే ఉన్నాయి. మళ్ళీ వేయించమని అడిగితే, "ఇక మీరు నడపకండి నాన్నా" అంటాడేమో! అందుకే ఇంకా అడగలేదు.