విన్న తెలుగు – చదివే తెలుగు

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



సినిమా, టెలివిజన్, సెల్‌ఫోను – యీ మూడూ మన యింటి బ్రతుకును ఎట్లా మారుస్తున్నవో నాలుగు మాటలు చెప్పమని సంఘంవారు మమ్ములను కోరారు. ఇట్టి సభలలో సినిమాను తిట్టడం ఒక సంప్రదాయం. వక్త తిట్టుతాడు, సభికులు చప్పట్లు కొట్టుతారు, సభ ముగిసిన తరువాత అందరూ కలిసి రెండో ఆటకు పోతారు. ఆ తిట్ల వల్ల సినిమాకు నష్టం లేదు, మనకు లాభమూ లేదు. కనుక మేము ఆ పని పెట్టుకోము. ఇవి మనకు యిచ్చినదేమిటి, యివ్వనిదేమిటి, దానిని మనమెట్లా సంపాదించుకోవాలి – యింతవరకే మా ప్రసంగం.

మనం కూడిన యీ గబ్బూరు సామాన్యమైన వూరు కాదు. రాయచూరు నుండి దేవదుర్గం పోయే దారిలో వున్న యీ గ్రామంలో ప్రాచీనమైన గుళ్ళు, శాసనాలు వున్నవి. రోజూ పొలానికి పోతూ వస్తూ చూచే రాళ్ళే గనుక మనం వాటిని పట్టించుకోము. ఆలోచిస్తే ఆ కాలానికి శాసనమే పత్రిక, శాసనమే రేడియో. నలుగురికీ తెలియవలసిన మాటను నలుగురూ వచ్చే చోట రాతి మీద చెక్కి నిలబెట్టేవారు. దాన శాసనాల పద్ధతి చూడండి. ఏ రాజు కాలంలో, ఏ సంవత్సరంలో, ఎవరు, ఎవరికి, ఏమి యిచ్చారు అన్నదంతా పేరు పేరునా వుంటుంది. చివర, ఆ ధర్మాన్ని చెరచినవానికి శాపం కూడా వుంటుంది. అంటే చెప్పేవారెవరు, ఎవరికోసం చెప్పుతున్నారు, సొమ్మెవరిది అన్న మూడు సంగతులూ చదివినవానికి దాపరికం లేకుండా తెలుస్తవి. ఈ మూడు ప్రశ్నలనే కొలబద్దగా పట్టుకొని మన కాలపు ప్రచార సాధనాలను చూద్దాము.

ముందు పత్రికను తీసుకొందాము. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించినది 1908లో, బొంబాయిలో. అది మనవలెనే వూరు విడిచి వెళ్ళినవారు పెట్టుకొన్న దీపం. 1914లో మద్రాసులో అది దినపత్రిక అయింది. ఆ పత్రిక వెలువరించిన సంవత్సరాది సంచికలే మన చేతిలోని యిట్టి సంచికలకు పెద్దన్నలు. ఇక యీ వైపు చూస్తే, సురవరం ప్రతాపరెడ్డిగారు 1926లో హైదరాబాదులో గోలకొండ పత్రికను స్థాపించారు. వారిది గద్వాల ప్రాంతం. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేవరకు గద్వాల, ఆలంపురం తాలూకాలు మన రాయచూరు జిల్లాలోనివే. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరని ఎవరో అంటే ప్రతాపరెడ్డిగారు వాదానికి దిగలేదు. 1934లో 354 మంది కవులతో "గోలకొండ కవుల సంచిక" అచ్చువేసి ముందుంచారు. పత్రిక ఆ పని ఎట్లా చేయగలిగింది? చదివేవానిని వ్రాసేవానిగా మార్చింది గనుక.

సినిమా వచ్చింది. తొలి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" 1932లో, తొలి కన్నడ టాకీ "సతీ సులోచన" 1934లో వచ్చినవి. ఆ కన్నడ చిత్రానికి దర్శకుడు తెలుగువాడైన వై.వి. రావు. ఇరవై యేండ్ల తరువాత, 1954లో, "బేడర కణ్ణప్ప"తో కన్నడ ప్రజల గుండెలలో నిలిచిన రాజ్‌కుమార్, అదే కథతో అదే సంవత్సరం వచ్చిన తెలుగు "కాళహస్తి మహాత్మ్యం"లోనూ నటించారు. రెండు భాషలూ ఒక పందిరి క్రింద పెరిగిన తీగెలని చెప్పడానికి యింతకంటె ఏమి కావాలి?

సినిమా మనకు చేసిన మేలు చిన్నది కాదు. తుంగభద్ర కాలువలు, ఆ తరువాత కృష్ణ కాలువలు పారినప్పుడు కోస్తా జిల్లాల నుండి వచ్చి నల్లరేగడి కొని, కాంపులు కట్టుకొన్న కుటుంబాలకు బడిలో తెలుగు అరుదు, పుస్తకాల అంగడి అసలే లేదు. వారికి సొంత భాష వినిపించినది రేడియో, సినిమా. కన్నడ చిత్రరంగంలో 1960ల నుండి డబ్బింగు చిత్రాలకు వ్యతిరేకంగా ఒక కట్టుబాటు వుండేది. అది చట్టం కాదు, అయినా చట్టమంత బలంగా నిలిచింది. దానిని కాంపిటీషన్ కమిషన్ 2015లో తప్పుపట్టింది. అంతవరకు రాయచూరులో, బళ్ళారిలో తెలుగు చిత్రం తెలుగులోనే ఆడింది. అందువల్ల మన భాష మనకు నిలిచింది, కన్నడం మాతృభాష అయిన మన పొరుగువారు ఎందరికో తెలుగు పట్టుబడింది.

సినిమా మాటలనూ పుట్టించింది. 1957లో వచ్చిన "మాయాబజార్" కోసం పింగళి నాగేంద్రరావుగారు సృష్టించిన "అసమదీయులు, తసమదీయులు, వీరతాడు" వంటి మాటలు నేటికీ మన నోళ్ళలో ఆడుతున్నవి. మంచి రచయిత చేతిలో పడితే ప్రచార సాధనం భాషను పెంచుతుందనడానికి యిది నిదర్శనం.

అయితే ఆ తెర మీద ఎవరి తెలుగు వినబడుతున్నది? చాలాకాలం కథానాయకుడిది కృష్ణా గుంటూరుల వైపు మాట, దుర్మార్గుడిది, నవ్వించేవాడిది తక్కిన ప్రాంతాల మాట. 1985లో వచ్చిన "ప్రతిఘటన"లో కోట శ్రీనివాసరావుగారు తెలంగాణా యాసలో దుష్టపాత్రను ఎంత గొప్పగా నటించారో అందరికీ తెలుసు. నటనలో లోపం లేదు. ఆ యాస మంచివాని నోట వినబడకపోవడమే లోపం. 1999లో "సమరసింహారెడ్డి" విజయం తరువాత వరుసగా వచ్చిన చిత్రాలలో రాయలసీమ అంటే బాంబులు, కత్తులు, సుమో బండ్లు అయిపోయింది. మన ప్రక్కనే వున్న ఆదోని, కర్నూలు వైపు బంధువులున్నవారికి అందులోని అన్యాయం వేరే చెప్పనక్కరలేదు.

మన సంగతి చూడండి. ఈ సభలో ఒక అవ్వ "జర ఆగు" అంటుంది, గోదావరి నుండి వచ్చిన ఒక నాయనమ్మ "ఆయ్" అంటుంది. మాట మధ్యలో ఒక కన్నడ పదం, ఒక ఉర్దూ పదం వచ్చి చేరుతవి. ఇది చెడిపోయిన తెలుగు కాదు. మూడు భాషల వారితో బేరం చేసి, పొత్తు చేసి, పెండ్లి పేరంటాలకు పిలిచి, పిలిపించుకొని బ్రతికిన తెలుగు. కాని తెర మీద "జర" అన్నా, "ఆయ్" అన్నా నవ్వు పుట్టడం చూచిన పిల్లవాడు యింటికి వచ్చి అవ్వ మాటకు నవ్వుతాడు. అవ్వ క్రమంగా వాని ముందు తక్కువ మాట్లాడుతుంది. ఆమె మాట్లాడకపోతే ఆమెతోపాటు పొడుపుకథలూ పోతవి, విత్తనం ఎప్పుడు వేయాలో చెప్పే సామెతలూ పోతవి.

ఇది మారకపోదు. 2017లో "ఫిదా" కథానాయిక తెలంగాణా మాటే మాట్లాడింది. 2023లో "బలగం" వచ్చినప్పుడు తెలంగాణా పల్లెలలో తెరలు కట్టి వూరంతా కలిసి చూచారు. చావింటి ఆచారాలు, అన్నదమ్ముల అలుకలు, కాకి పిండం ముట్టడం – తమ యింటి సంగతిని తమ మాటలో విన్నారు గనుకనే కన్నీరు పెట్టుకొన్నారు. సినిమా చెడ్డదా మంచిదా అని అడగడం కంటె, చెప్పేవారెవరు, ఎవరికోసం అని అడగడం ఎంత అవసరమో దీనినిబట్టి తెలుస్తుంది.

ఇక సొమ్మెవరిదన్న ప్రశ్న. టెలివిజన్‌ను మనం నెలకు కొద్ది రూపాయలతో చూస్తున్నామనుకొంటాము. దేశమంతటా కొన్ని వేల యిళ్ళలో మీటర్లు అమర్చి, ఏ చానలును ఎంతసేపు చూచారో లెక్కగట్టుతారు. ఆ లెక్కనుబట్టి ప్రకటనల ధర. తెలుగు చానళ్ళకు ప్రధానమైన బజారు ఆంధ్ర, తెలంగాణా రాష్ట్రాలు. కర్ణాటకలోని మనం ఆ తక్కెడలో పెద్దగా తూగము. కాబట్టి మన మాట, మన పంట, మన కష్టం అందులో కనబడకపోతే ఆశ్చర్యం లేదు. సెల్‌ఫోను సంగతి యింకా చిత్రం. మన వ్రేలు ఏ బొమ్మ దగ్గర ఆగిందో గుర్తుంచుకొని మరల అటువంటిదే తెచ్చి చూపుతుంది. మనం దానిని చూస్తున్నామనుకొంటాము, అది మనలను చూస్తున్నది.

ఈ ప్రభావం పండుగలోకి, పెండ్లిలోకి ఎట్లా వచ్చిందో చూడండి. వూరి గుడిలో పంచాంగం విన్నప్పుడు ఈ యేడు రాజెవరు, మంత్రి ఎవరు, వాన ఎన్ని కుంచాలు, ఏ పైరు పండుతుంది అని వినేవాళ్ళము. అది వూరందరి మంచిచెడ్డ. టెలివిజన్‌లో వినేది ముఖ్యంగా రాశిఫలం. అది ఎవరిది వారికి. పైగా హైదరాబాదులో ఏ పార్టీ కార్యాలయంలో పంచాంగం చదివితే ఆ పార్టీకే రాజయోగం వున్నట్లు వినిపిస్తున్నది! నవ్వుకొనవచ్చును. కాని వాన గురించిన ప్రశ్న మన నోటినుండి జారిపోయిన సంగతి నవ్వి వదిలివేయదగినది కాదు.

పెండ్లిలో మనకు నలుగు వున్నది. పసుపు, శనగపిండి, నూనె, నలుగురు ముత్తయిదువలు, నాలుగు పాటలు. ఖర్చు లేదు. సీరియళ్ళు, సినిమాలు చూచి యిప్పుడు "హల్దీ" అంటున్నాము. దానికి పసుపు దుస్తులు వేరు, పందిరి వేరు, ఫోటోలవారు వేరు. ఆ వెనుక "సంగీత్". ఉత్తరాదివారి వేడుక తప్పని మేము అనడం లేదు. పత్తి ధర పడిపోయిన యేడు కూడా యీ ఖర్చు తప్పదనుకొని అప్పు చేయడమే తప్పు. నలుగుకు పిలిచిన ముత్తయిదువ పాట పాడేది. హల్దీకి వచ్చిన ఆమె ఫోటోకు నిలబడుతున్నది. పాడేవారు చూచేవారైపోయారు. ప్రచార సాధనాలు మన నిత్యజీవితంలో తెచ్చిన మార్పంతా యీ ఒక్క సంగతిలో వున్నది.

మరి మనం చేయవలసినదేమి? ఒక ప్రశ్న అడుగుతాము. ఈ సంచికను ఇంటికి తీసుకొనిపోయి పిల్లల చేతికిస్తే, ఎంతమంది పిల్లలు చదువగలరు? బడిలో వారికి కన్నడం, ఇంగ్లీషు వున్నవి. తెలుగు వారికి చెవిదాకా వచ్చి ఆగిపోయింది. చెవితో మాత్రమే నేర్చినవాడు, చెప్పినదానికి నవ్వగలడు, ఏడ్వగలడు, కాని ఆగి, వెనుకకు తిప్పి, "ఇది నిజమా?" అని అడగడం కష్టం. పుట అయితే వెనుకకు తిప్పవచ్చు, అంచున గీత గీయవచ్చు, ఎదురు జవాబు వ్రాయవచ్చు.

ఇందులో మనకున్న సదుపాయం మద్రాసులో, బొంబాయిలో వున్న తెలుగువారికి లేదు. కన్నడ లిపి, తెలుగు లిపి ఒక్క తల్లి బిడ్డలు. అ, ఆ, ఇ, గ, ద, బ, ర, ల వంటి అక్షరాలు దాదాపు ఒకటే. క, త, శ, హ వంటి కొన్ని అక్షరాలు, తలకట్టు – వీటిలో భేదం వున్నది. కన్నడం చక్కగా చదివే పిల్లకు తెలుగు చదవడం కొద్ది వారాల పని. బడి లిపిని యిచ్చింది, సినిమా మాటను యిచ్చింది. ఆ రెంటినీ కలిపే చిన్న వంతెన యింట్లో మనం వేయవలసి వున్నది.

అందుకు మా సూచన యిది. వారానికి ఒక సాయంత్రం, చూచే సినిమానో సీరియలునో చూడండి. తరువాత అరగంట టెలివిజన్ ఆపి, పిల్లల చేత ఒక తెలుగు పుట పైకి చదివించండి. అప్పుడే చూచినదాని గురించి ఆ మూడు ప్రశ్నలు అడగనివ్వండి – చెప్పినదెవరు, ఎవరికోసం, సొమ్మెవరిది? వారి జవాబు మీకు నచ్చకపోయినా వినండి. ఇంట్లో అవ్వ వాడే మాటలు, పాటలు, సామెతలు వారానికి ఐదు చొప్పున నోటుబుక్కులో వ్రాయించండి. సంవత్సరానికి రెండు వందల యాభైకి పైన అవుతవి. వచ్చే ఉగాది సంచికలో నాలుగు పుటలు వాటికి కేటాయించవలసిందిగా సంపాదకులను యీ సభాముఖంగా కోరుతున్నాము. ఆ పుటలకు పెద్దల వ్రాత వద్దు. అక్షరదోషాలున్నా సరే, పిల్లల వ్రాతే రానివ్వండి.

 ఇక పచ్చడి పంచేవారు ఎదురుచూస్తున్నారు గనుక సెలవు తీసుకొంటాము.